మాస్టారి జవాబులు: ఖాళీ అయిన కాంగ్రెస్ సీటు, వరస కట్టిన లోకల్ నాయకులు

తెనాలి నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "ఏం బావా, మీ ఊళ్లో కూడా కాంగ్రెస్ సీటు కోసం కొట్టుకుంటున్నారటగా?" అన్నాడు. ఇక్కడ అమెరికాలో కాంగ్రెస్ అంటే పార్టీ కాదురా, మన పార్లమెంటు లాంటిది అని వాడికి చెప్పేసరికి నా కాఫీ చల్లారిపోయింది. మా వర్జీనియా 11వ డిస్ట్రిక్ట్ (అంటే నియోజకవర్గం) సభ్యుడు జెరీ కానలీ 2025 మే 21న కాన్సర్‌తో చనిపోయిన రోజుల మాట అది. అప్పటినుంచి ఈ ఉప ఎన్నికల గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. నేను ఏ పార్టీ మనిషినీ కాను. ఎన్నికల రోజు తెల్లవారుజామున 5 గంటలకు పోలింగ్ కేంద్రానికి వెళ్లి, టేబుల్ వెనక కూర్చుని, ఓటర్ల పేర్లు లిస్టులో చూసే రిటైరైన తెలుగు మాస్టారిని. ఆ టేబుల్ దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మాస్టారూ, కానలీ గారి సీటుకి సెప్టెంబర్ 9న ఓటు వేశాను. అంతకుముందు చాలామంది పోటీ చేస్తున్నారని విన్నాను. తీరా చూస్తే బ్యాలెట్ మీద ఒక్కో పార్టీకి ఒక్క పేరే ఉంది. మిగతావాళ్లు ఏమయ్యారు? ఎవరు తేల్చారు?
– ఒక పాఠకురాలు, హెర్న్‌డన్, వర్జీనియా

అమ్మా, మీరు వచ్చేసరికి అసలు పోటీ అయిపోయింది. అది జూన్ 28నే జరిగింది.

కాంగ్రెస్‌లో మన లోక్‌సభ లాంటి ప్రతినిధుల సభలో సీటు ఖాళీ అయితే గవర్నర్ తనకు నచ్చినవాణ్ణి కూర్చోబెట్టలేడు. ఎన్నిక జరిపి తీరాలని రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉంది. సెనేట్ సంగతి వేరు. అక్కడ చాలా రాష్ట్రాల్లో గవర్నర్ తాత్కాలికంగా ఒకరిని నియమించవచ్చు. సభ సీటుకి మాత్రం ప్రజల ఓటు తప్ప దారి లేదు. అయితే ఎన్నిక ఎప్పుడు, అభ్యర్థిని ఎవరు ఎంచుకోవాలి అన్న లెక్కలన్నీ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. మన దేశంలో అయితే మామూలుగా ఆరు నెలల్లో ఉప ఎన్నిక, తేదీ చెప్పేది ఒక్క ఎన్నికల సంఘం. ఇక్కడ యాభై వంటిళ్లు, యాభై రకాల తాలింపు.

మా వర్జీనియాలో ఉప ఎన్నిక వస్తే అభ్యర్థిని పార్టీయే తన పద్ధతిలో ఎంచుకుంటుంది. డెమొక్రాట్లు జూన్ 28, శనివారం నాడు 'ఫైర్‌హౌస్ ప్రైమరీ' పెట్టారు. పేరు చూసి మా ఆవిడ నిజంగానే ఫైర్ స్టేషన్‌కి వెళ్లాలేమో అనుకుంది. అది తన అభ్యర్థిని తేల్చుకోవడానికి పార్టీ సొంత ఖర్చుతో నడుపుకునే ఓటింగ్. మాలాంటి ప్రభుత్వ ఎన్నికల సిబ్బంది ఉండరు, మామూలుగా మీరు వెళ్లే పోలింగ్ కేంద్రమూ ఉండదు. పార్టీ పెట్టిన కొద్దిపాటి కేంద్రాల్లో ఒకటి వెతుక్కుని వెళ్లాలి.

అక్కడ నిలబడినవాళ్లలో ముఖ్యులు ముగ్గురూ మన చుట్టుపక్కల వాళ్లే. జేమ్స్ వాకిన్‌షా కానలీ దగ్గర పదేళ్లకు పైగా చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా పనిచేసి, తర్వాత ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో బ్రాడక్ సూపర్‌వైజర్, అంటే ఆ ప్రాంతం తరఫున కౌంటీ బోర్డు సభ్యుడు అయ్యాడు. స్టెల్లా పెకార్‌స్కీ స్కూల్ బోర్డు నుంచి రాష్ట్ర సెనేట్‌కి వెళ్లిన మనిషి. ఐరీన్ షిన్ రాష్ట్ర డెలిగేట్, అంటే రాష్ట్ర దిగువ సభ సభ్యురాలు. వీళ్లు కాక ఇంకా చాలామంది. కానలీ తను పోకముందే వాకిన్‌షాకి మద్దతు చెప్పి వెళ్లాడు. అతనికి సుమారు 60 శాతం వచ్చింది. ఇక సెప్టెంబర్ 9న రిపబ్లికన్ అభ్యర్థి స్టూవర్ట్ విట్సన్ మీద దాదాపు 75 శాతంతో గెలిచాడు. ఒకే పార్టీకి అంత బలం ఉన్నచోట ప్రైమరీయే పెళ్లి, చివరి ఎన్నిక భోజనాలు.

ఇంకో మాట చెప్పకపోతే అబద్ధం అవుతుంది. ఆ జూన్ 28న నేను ఓటు వేయలేదు. మనవరాలి అరంగేట్రానికి వేరే రాష్ట్రం వెళ్లాను. కార్లో కూర్చున్నాక గుర్తొచ్చింది. కనపడ్డ ప్రతివాడికీ ఓటు వేయమని చెప్పే పెద్దమనిషిని నేను. మా అల్లుడు ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటాడు.

న్యూయార్క్‌లో అయితే ఆ మాత్రం ఓటింగ్ కూడా ఉండదు. జార్జ్ శాంటోస్‌ని సభ 2023 డిసెంబర్ 1న బహిష్కరించినప్పుడు, రెండు పార్టీల్లోనూ అభ్యర్థిని తేల్చింది స్థానిక పార్టీ నాయకులే. డెమొక్రాట్లు పాత సభ్యుడు టామ్ స్వాజీని దింపారు. రిపబ్లికన్లు నాసావ్ కౌంటీ లెజిస్లేటర్ మజీ పిలిప్‌ని దింపారు. 2024 ఫిబ్రవరి 13న, మంచు పడుతున్న రోజున, స్వాజీ గెలిచాడు. ప్రైమరీ కోసం ఎదురుచూసిన ఓటర్లకు పేర్లే తప్ప ఎంపిక దక్కలేదు.

నమస్తే మాస్టారూ. మాది హ్యూస్టన్, 18వ డిస్ట్రిక్ట్. రెండేళ్లలో ఈ ఒక్క సీటుకి ఎన్నిసార్లు ఓటు వేశానో నాకే లెక్క తెలియడం లేదు. ఇదేమన్నా పొరపాటా?
– ఒక పాఠకుడు, హ్యూస్టన్

పొరపాటు కాదు బాబూ, వరసగా విషాదాలు. వేళ్లు మడవండి.

మీ సభ్యురాలు షీలా జాక్సన్ లీ 2024 జూలై 19న చనిపోయారు. అప్పటికే ఆవిడ నవంబర్ ఎన్నికకు పార్టీ అభ్యర్థి. అందుకని ప్రీసింక్ట్ ఛైర్‌లు (పార్టీ బూత్ స్థాయి నాయకులు) సమావేశమై మాజీ మేయర్ సిల్వెస్టర్ టర్నర్‌ని ఆ స్థానంలో పెట్టారు. మిగిలిన రెండు నెలల గడువుకు విడిగా ఉప ఎన్నిక. దాంట్లో ఆవిడ కూతురు ఎరికా లీ కార్టర్ గెలిచింది. అంటే నవంబర్ బ్యాలెట్ మీద ఒకే సీటు రెండుసార్లు కనపడింది. మీకు గుర్తున్న గందరగోళం అదే.

టర్నర్ 2025 జనవరిలో ప్రమాణం చేసి మార్చి 5న కన్నుమూశారు. గవర్నర్ గ్రెగ్ ఆబట్ ఉప ఎన్నికను నవంబర్ 4కి పెట్టాడు. ఎనిమిది నెలలు! సభలో రిపబ్లికన్ల మెజారిటీ అంతంతమాత్రంగా ఉంది కాబట్టి కావాలనే సాగదీశాడని డెమొక్రాట్లు అన్నారు. మీ హారిస్ కౌంటీకి ఎన్నికలు సరిగ్గా జరపడం చేతకావడం లేదు, సిద్ధపడడానికి టైమివ్వాలి అని గవర్నర్ అన్నాడు. నన్నడిగితే, కారణం ఏదైనా అన్ని నెలలు ఒక డిస్ట్రిక్ట్‌కి ఓటు లేకుండా ఉంచడం తప్పే. గవర్నర్ ఇష్టానికి వదిలేయకుండా చట్టంలో గడువు రాసుకున్న రాష్ట్రాలున్నాయి. న్యూయార్క్‌లో ఖాళీ వచ్చిన పది రోజుల్లో ప్రకటన, ఆ తర్వాత 70 నుంచి 80 రోజుల్లో ఎన్నిక.

టెక్సాస్ ఉప ఎన్నికలో పార్టీ ప్రైమరీలు ఉండవు. అందరూ ఒకే బ్యాలెట్ మీద. నవంబర్‌లో మీకు 16 పేర్లు కనపడి ఉంటాయి. ఎవరికీ సగం దాటలేదు. మొదటి ఇద్దరూ లోకల్ వాళ్లే: హారిస్ కౌంటీ అటార్నీ క్రిస్టియన్ మెనెఫీ, సిటీ కౌన్సిల్‌లో పనిచేసిన అమాండా ఎడ్వర్డ్స్. 2026 జనవరి 31న ఆ ఇద్దరి మధ్యే జరిగిన రెండో విడత ఓటింగ్, అంటే రన్ఆఫ్‌లో మెనెఫీ గెలిచాడు. ఊపిరి పీల్చుకునేలోపు మార్చి 3న వచ్చే టర్మ్ కోసం ప్రైమరీ, అదీ కొత్తగా గీసిన మ్యాపులో. కాబట్టి మీ ఓటరు కార్డు మీద డిస్ట్రిక్ట్ నంబర్ పాతదా కొత్తదా అన్నది ఒకసారి చూసుకోండి.

ఉప ఎన్నికల్లో ఎవరూ రారు కదా మాస్టారూ, నా ఒక్క ఓటు కోసం సెలవు పెట్టాలా?
– ఒక పాఠకుడు, ఫ్లోరిడా

మీ రాష్ట్రం నుంచే ఈ ప్రశ్న రావడం బాగుంది. మీ 20వ డిస్ట్రిక్ట్ సభ్యుడు ఆల్సీ హేస్టింగ్స్ 2021 ఏప్రిల్‌లో చనిపోయాడు. నవంబర్ 2న జరిగిన డెమొక్రాటిక్ ప్రైమరీలో 11 మంది. షీలా షెర్ఫిలస్-మెకార్మిక్ అయిదు ఓట్లతో గెలిచింది. అయిదు వేలు కాదు, అయిదు. ఓడిపోయింది బ్రోవర్డ్ కౌంటీ కమిషనర్ డేల్ హోల్నెస్. మీ రాష్ట్రంలో ఇంకో పదవికి నిలబడాలంటే ఉన్న పదవికి ముందే రాజీనామా రాసివ్వాలి, ఓడినా దాన్ని వెనక్కి తీసుకోలేరు. కాబట్టి ఆయనకు కొత్తది రాలేదు, ఉన్నదీ పోయింది. ఒక కారులో పట్టే మంది ఆ రోజు ఇంట్లో కూర్చోవడం వల్ల. సెలవు పెట్టక్కర్లేదు, పోస్టులో బ్యాలెట్ తెప్పించుకోండి.

చనిపోయిన సభ్యుడి భార్య గానీ పిల్లలు గానీ నిలబడితే ఇక్కడ కూడా సానుభూతితో గెలుస్తారా? మిగతావాళ్లు తప్పుకుంటారా?
– ఒక పాఠకురాలు, ఆర్లింగ్టన్, టెక్సాస్

నంద్యాలలో 1991లో పీవీ గారి మీద ఎన్టీఆర్ తన పార్టీ అభ్యర్థిని పెట్టకపోవడం గుర్తున్నవాళ్లు ఇక్కడా అలాంటి మర్యాద ఉంటుందనుకుంటారు. ఉండదమ్మా. శ్రద్ధాంజలి సభలో పక్కపక్కన కూర్చున్నవాళ్లే మర్నాడు పోటీ ప్రకటిస్తారు.

గెలుపు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. లూసియానాలో ల్యూక్ లెట్లో 2020 డిసెంబర్‌లో జరిగిన ఎన్నిక గెలిచి, ప్రమాణం చేయకముందే కోవిడ్‌తో పోయాడు. 2021 మార్చిలో భార్య జూలియా మొదటి రౌండ్‌లోనే గెలిచేసింది. అరిజోనాలో రావుల్ గ్రిహాల్వా 2025 మార్చి 13న పోతే, జూలై ప్రైమరీలో కూతురు అడెలీటా తేలిగ్గా గెలిచింది. అయితే ఆమెను ఊరికే ఎవరి కూతురో అనడానికి లేదు. ఆమె అప్పటికే పీమా కౌంటీ సూపర్‌వైజర్.

మీ ఊళ్లోనే ఎదురు ఉదాహరణ ఉంది. మీ 6వ డిస్ట్రిక్ట్ సభ్యుడు రాన్ రైట్ 2021 ఫిబ్రవరిలో చనిపోయాడు. భార్య సూసన్ నిలబడింది, ట్రంప్ మద్దతు కూడా ఉంది. మే 1న బ్యాలెట్ మీద 23 పేర్లు. సూసనే మొదట వచ్చింది. కానీ జూలై రన్ఆఫ్‌లో రాష్ట్ర ప్రతినిధి జేక్ ఎల్జీ ఆమెను ఓడించాడు. 2018లో రాన్ రైట్ చేతిలో ఓడినవాడే ఈ ఎల్జీ. ఆ మొదటి రౌండ్‌లో ఇంకో తమాషా జరిగింది. డెమొక్రాట్లు ఎక్కువమంది నిలబడి ఓట్లు చీల్చుకున్నారు, వాళ్లలో ముందున్న జానా లిన్ శాంచెజ్ 354 ఓట్ల తేడాతో మూడో స్థానంలో ఆగిపోయింది. దాంతో రన్ఆఫ్‌లో ఇద్దరూ రిపబ్లికన్లే మిగిలారు. అందరూ ఒకే బ్యాలెట్ మీద ఉండే రాష్ట్రాల్లో, 'నిలబడితే పోయేదేముంది' అనుకునే అయిదో వాడూ ఆరో వాడూ ఇలా సొంత పార్టీకే ఎసరు పెడతారు.

మాస్టారూ, నేను హెచ్1బీ మీద ఉన్నాను. మా ఏరియా ఉప ఎన్నికలో నిలబడిన ఒకాయన మా తెలుగువాళ్ల ఇళ్లకు వచ్చి చందాలు అడుగుతున్నారు. ఇవ్వొచ్చా? మా ఫ్రెండ్ పేరు మీద ఇచ్చి, వాడికి నేను డబ్బులిచ్చేస్తే పోదా?
– పేరు వద్దన్న పాఠకుడు

పేరు వద్దని మంచి పని చేశారు. మొదటి ప్రశ్నకు జవాబు: ఇవ్వకూడదు. రెండో ప్రశ్నకు జవాబు: అస్సలు ఇవ్వకూడదు.

అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు మాత్రమే ఎన్నికల చందా ఇవ్వొచ్చు. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 ఎవరికీ కుదరదు, పది డాలర్లైనా సరే. స్కూల్ బోర్డు ఎన్నికకైనా ఇదే రూలు. ఇక ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం పౌరులకు కూడా నేరమే. మీరూ ఇరుక్కుంటారు, చెక్కు రాసిన మీ ఫ్రెండూ ఇరుక్కుంటాడు. కొన్నేళ్ల క్రితం ఒక ఇంటి బేస్‌మెంట్‌లో విందుకు వెళ్లాను. సమోసాల ప్లేట్లు తిప్పుతూ ఆ ఇంటాయన, "వీసా వాళ్లు నాకు క్యాష్ ఇవ్వండి, నేను చెక్కు రాస్తాను" అన్నాడు, ఏదో పుణ్యకార్యంలా. నేను సమోసా కింద పెట్టి, ఇది జైలు వ్యవహారం నాయనా అన్నాను. అప్పటినుంచి వాళ్లింటి పిలుపులు లేవు. నష్టమేమీ లేదు, సమోసాలు బజారువే.

పౌరులకైనా ఒక లెక్కుంది. 2025–26లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు 3,500 డాలర్లు దాటకూడదు. ప్రైమరీ ఒక ఎన్నిక, రన్ఆఫ్ ఇంకొకటి, చివరిది మరొకటి. ఉప ఎన్నికలకు ఈ లెక్క విడిగా మళ్లీ మొదలవుతుంది. అందుకే అడిగేవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు. మొత్తం 200 డాలర్లు దాటితే మీ పేరు, చేసే ఉద్యోగం అందరూ చూసేలా రికార్డులోకి ఎక్కుతాయి.

మీకు ఉత్సాహం ఉంటే జీతం తీసుకోకుండా వాలంటీరుగా ఫోన్లు చేయొచ్చు, తలుపులు తట్టొచ్చు. డబ్బు ఎలా ఖర్చు పెట్టాలి, ప్రచారం ఎలా నడపాలి అనే నిర్ణయాల్లో వేలు పెట్టకండి. ఓటు సంగతి చెప్పనక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో పొరపాటున ఓటరు రిజిస్ట్రేషన్ కాగితం మీద సంతకం పెట్టి, తర్వాత గ్రీన్ కార్డు కోసం లాయర్ల చుట్టూ తిరిగిన కుర్రాణ్ణి నేనెరుగుదును. ఏది ఇచ్చినా చదివి సంతకం పెట్టండి.

మా అమ్మగారి ఇమిగ్రేషన్ కేసు విషయంలో మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు సాయం చేస్తోంది. ఆయన ఉన్నట్టుండి రాజీనామా చేశాడు. మా ఫైల్ గాల్లో కలిసినట్టేనా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

టెన్షన్ పడకండమ్మా. సభ్యుడు పోయినా ఆఫీసు మూతపడదు. ఉన్న సిబ్బంది సభ క్లర్క్ పర్యవేక్షణలో పని కొనసాగిస్తారు. బోర్డు మీద సభ్యుడి పేరు తీసేసి డిస్ట్రిక్ట్ నంబర్ పెడతారు, అంతే. బిల్లుల మీద అభిప్రాయం చెప్పరు, ఓటు అసలే ఉండదు. మీలాంటివాళ్ల కేసులు మాత్రం చూస్తారు. వెంటనే ఫోన్ చేసి, మీ కేసు ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. కొత్త సభ్యుడు వచ్చాక అనుమతి పత్రం మళ్లీ సంతకం చేయమనవచ్చు, పాత కాగితాల కాపీలు దగ్గర పెట్టుకోండి. మీ ఇద్దరు సెనేటర్ల ఆఫీసులూ ఇదే పని చేస్తాయి. ఒకేసారి అందరినీ అడిగితే పని గజిబిజి అవుతుంది, ఒకరినే పట్టుకోండి.

కొత్త సభ్యుడు గెలిచిన మర్నాడే వస్తాడనీ అనుకోవద్దు. వాకిన్‌షా అయితే సెప్టెంబర్ 9న గెలిచి 10నే ప్రమాణం చేశాడు. కానీ అదే నెల 23న గెలిచిన అడెలీటా గ్రిహాల్వాకి నవంబర్ 12 దాకా కుదరలేదు. ప్రభుత్వం షట్‌డౌన్, సభ నడవడం లేదు, స్పీకర్ ప్రమాణం చేయించలేదు. ఏడు వారాలు ఆమె గెలిచి కూడా ఖాళీగా తిరిగింది.

మా ఫ్రెండ్ ఒకాయన పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాడు. మా పక్క డిస్ట్రిక్ట్‌లో సీటు ఖాళీ అవుతుందని విని, డైరెక్ట్‌గా కాంగ్రెస్‌కే నిలబడతానంటున్నాడు. ఆ డిస్ట్రిక్ట్‌లో ఉండడు. రూల్స్ ఒప్పుకుంటాయా? గెలుస్తాడా?
– ఒక పాఠకుడు, జాన్స్ క్రీక్, జార్జియా

రూల్స్ ఒప్పుకుంటాయి. 25 ఏళ్లు నిండాలి, పౌరసత్వం వచ్చి ఏడేళ్లు కావాలి, ఎన్నిక నాటికి ఆ రాష్ట్రంలో ఉండాలి. డిస్ట్రిక్ట్‌లోనే ఉండాలని లేదు. అది మీకు బాగా తెలిసిన కథే. 2017లో టామ్ ప్రైస్ కేంద్రంలో ఆరోగ్యశాఖకు వెళ్లడంతో మీ 6వ డిస్ట్రిక్ట్ ఖాళీ అయింది. 18 మంది నిలబడ్డారు. జాన్ ఆసాఫ్ డిస్ట్రిక్ట్ బయట ఉంటూనే మొదటి రౌండ్‌లో 48.1 శాతం తెచ్చుకున్నాడు. ఇంకో రెండు శాతం వస్తే అక్కడే అయిపోయేది. జూన్ రన్ఆఫ్‌లో ఫుల్టన్ కౌంటీ కమిషన్‌కి ఛైర్మన్‌గా చేసిన కేరెన్ హాండెల్ గెలిచింది. ఇల్లు డిస్ట్రిక్ట్‌లో లేదన్న మాట ఆ ప్రచారమంతా అతన్ని వెంటాడింది. ఆ రోజుల్లో మా మేనల్లుడు అక్కడ ఉండేవాడు. ఎన్నికల ఫోన్లు భరించలేక ల్యాండ్‌లైన్ వైరు పీకేశాడు. అప్పటిదాకా జరిగిన సభ ఎన్నికల్లో అదే అత్యంత ఖరీదైనది.

ఇక గెలుస్తాడా అన్నది. ఉప ఎన్నికకు టైముండదు. జనానికి ముందే తెలిసిన పేరుకే ఓటు పడుతుంది, అందుకే ఈ పేజీ నిండా సూపర్‌వైజర్లు, కౌన్సిల్ సభ్యులు, కౌంటీ అటార్నీలు కనపడ్డారు. కానలీ కూడా కాంగ్రెస్‌కి వెళ్లకముందు ఫెయిర్‌ఫాక్స్ బోర్డు ఛైర్మన్. పై మెట్టు ఎక్కినవాడు కింద మెట్టు ఖాళీ చేస్తాడు. వాకిన్‌షా వదిలిన సూపర్‌వైజర్ సీటు స్కూల్ బోర్డు సభ్యురాలు రచనా సైజ్‌మోర్ హైజర్‌కి వచ్చింది. పక్కన 10వ డిస్ట్రిక్ట్‌లో సుహాస్ సుబ్రమణ్యం 2024లో కాంగ్రెస్‌కి గెలిస్తే, ఆయన రాష్ట్ర సెనేట్ సీటుకి డెలిగేట్ కన్నన్ శ్రీనివాసన్, ఆయన డెలిగేట్ సీటుకి జేజే సింగ్, ఇద్దరూ 2025 జనవరి 7న ఒకే రోజు గెలిచారు. కాంగ్రెస్ సీటు కోసం అందరూ మెడలు చాచి చూస్తుంటే, మన పిల్లలు కింద ఖాళీ అయిన కుర్చీల్లో కూర్చుంటున్నారు.

మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్‌లో మాంట్‌గమరీ కౌంటీ రోడ్ల ఇంజనీరు, ఆ తర్వాత డెలిగేట్. 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో ఓడింది. 2022లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచింది. అంత పని చేసినామెకే మొదటిసారి దక్కలేదు.

జార్జియాలో నామినేషన్ ఫీజు 5,220 డాలర్లు. మీ ఫ్రెండ్‌కి అదొక లెక్క కాదని తెలుసు. ఆ చెక్కు రాసేముందు ఒక్క విషయం అడిగి నాకు రాయండి: మీ కౌంటీ స్కూల్ బోర్డు మీటింగ్ నెలలో ఏ రోజు జరుగుతుందో ఆయనకు తెలుసా?